విద్యార్థి సుఖము

సుఖాపేక్షకును విద్యకును పొత్తు కుదరదని మహాభారతమున ఉద్యోగపర్వములో విదురుడు ధృతరాష్ట్రునకు చెప్పెను. బెత్తము చేతబట్టిన ఉపాధ్యాయులు ఈ మాటను తమ కనుకూలముగా చెప్పుకొనుట తరతరములనుండి కలదు. శిష్యుడు ఎంత కష్టపడిన అంత విద్య యబ్బునని, వాని దుఃఖము గురువు విచారింపనక్కరలేదని వారి భావము. విదురుడు ఆ మాట అనలేదు. సుఖమును విడువవలసినవాడు విద్యార్థి. విడుచుట అతని సంకల్పము. బ్రహ్మచారి భిక్షాటనము చేసినను, నేలపై శయనించినను అది వ్రతము. ఒకరు సంకల్పింపగా మరియొకరు పస్తుండుట వ్రతమెట్లగును? కఠోపనిషత్తులో యముడు దీర్ఘాయువును, ధనమును, రథములను ఇచ్చెదననగా నచికేతుడు తానే వలదనెను. యముడు ఇవ్వజూపెనే గాని లాగికొనలేదు.

ఈ విషయమున ఛాందోగ్యోపనిషత్తు నాలుగవ అధ్యాయములోని ఉపకోసలుని కథ విశేషముగా స్మరింపదగినది. అతడు సత్యకామ జాబాలుని శిష్యుడు. 12 సంవత్సరములు గురువుగారి అగ్నులను సేవించెను. తోటివారికి సమావర్తనము చేసి పంపిన గురువు ఇతనికి మాత్రము చేయలేదు. ఇంత శ్రద్ధగా తపించిన పిల్లవానికి ఉపదేశింపుమని గురుపత్ని కోరినను వినక దేశాంతరము పోయెను. ఉపకోసలుడు మనోవ్యథతో అన్నము మానెను. ఆ తల్లి తినుమని అడిగినది. తన లోపల వ్యాధులు నిండియున్నవి, తినజాలనని అతడు చెప్పెను. అప్పుడు అతడు సేవించిన అగ్నులే జాలిపడి బ్రహ్మోపదేశము చేసినవి. ఆ ఉపదేశములో ప్రాణముతోపాటు వినవచ్చిన శబ్దము ‘క’ము, అనగా సుఖము. ప్రాణము తెలిసినది గాని ఇది తెలియలేదని అతడనెను. విషయసుఖము క్షణికము గదా, అది బ్రహ్మమెట్లగునని అతని సందేహమని శంకర భగవత్పాదులు వ్యాఖ్యానించిరి. ఆకాశమువలె హద్దులేని సుఖమే ఇచ్చట చెప్పబడినదని సమాధానము. తిరిగివచ్చిన గురువు శిష్యుని ముఖము చూచి, బ్రహ్మవేత్త ముఖమువలె వెలుగుచున్నదే, ఎవరు బోధించిరని అడిగెను. పూర్వము ఆ సత్యకాముడు ఆవులను మేపి వచ్చినప్పుడు అతని గురువు గౌతముడును ముఖము చూచియే కనిపెట్టెను.

నేడు ముఖము చూచువారెవరు? 2019 ఏప్రిల్‌లో తెలంగాణమున ఇంటర్మీడియట్ ఫలితములు వెలువడిన పిదప 20 మందికి పైగా విద్యార్థులు ప్రాణములు తీసికొనిరి. మార్కుల నమోదులో తప్పులు దొర్లినట్లు తేలగా, ఉత్తీర్ణులు కానివారి పత్రములను ఉచితముగా పునఃపరిశీలింపజేసిరి. పోయిన బిడ్డలకు అది ఏమి ప్రయోజనము? తెల్లవారుజామునుండి రాత్రి పొద్దుపోవువరకు చదివించు వసతి కళాశాలలో ఒక బాలుడు రెండు పూటలు భోజనము మానినచో తినుమని అడుగు గురుపత్ని ఉన్నదా?

2018లో ఢిల్లీ ప్రభుత్వము తన పాఠశాలలలో 8వ తరగతి వరకు దినమునకు 45 నిమిషములు ఆనందపాఠమునకు కేటాయించెను. ఉద్దేశము మంచిదే. అయినను లెక్కల పీరియడులో బెదరిన పిల్లవానికి ఆ తరువాతి పీరియడులో లభించునది ఓదార్పు. ఆనందము ఆ లెక్కలలోనే దొరకవలెను. తైత్తిరీయోపనిషత్తు ఆనందమును కొలువబూని, తొలి కొలతగా తీసికొన్నది చక్కగా చదువుకొన్న దృఢకాయుడైన యువకుని. సంపద తరువాత వచ్చినది.

శబ్దములు వల్లించుట బాలునకు కష్టమే. నాలుక తిరుగదు, నిద్ర వచ్చును. ఆ కష్టమును తొలగింప బూనిన గురువు విద్యనే తొలగించును. అయినను శ్రమచే అలసిన ముఖము వేరు, వ్యథచే వాడిన ముఖము వేరు. ఆ భేదమెరుగుట గురువు పని. వాడిన ముఖము కనబడిన దినమున పాఠము ఆపి కారణమడుగవలెను. తక్కిన దినములలో పాఠము సాగవలెను. కొన్ని నెలలు గడచును. ఒకనాడు రఘువంశములోని శ్లోకమునకు గురువు చెప్పకముందే క్రియాపదమును పట్టుకొని, కర్తను వెదకి, అన్వయము తానే కూర్చుకొన్న పిల్లవాడు, పిలువకుండగనే లేచి నిలబడును.