పది నిమిషాల సాక్ష్యం

పెరట్లో గుమ్మడి పిందె పసుపుబారి రాలిపోతే మన ఇళ్లలో తలా ఒక మాట అంటాం. ఎవరి దిష్టో తగిలిందంటుంది అవ్వ. నీళ్లు చాల్లేదంటాడు నాయన. ఎరువు వేయమంటాడు పక్కింటి మామ. ఆ మాటల్లో కొంత నిజం ఉండవచ్చు. కాని మనం మరిచిపోయే కారణం ఇంకొకటి ఉంది. గుమ్మడికి మగపూలు వేరు, ఆడపూలు వేరు. రెండూ తెల్లవారుతుండగా విచ్చుకుని, ఎండ ముదిరేసరికి ముడుచుకుపోతాయి. ఆ కొద్ది గంటల్లో తేనెటీగో తుమ్మెదో వచ్చి మగపువ్వు పుప్పొడిని ఆడపువ్వుకు చేర్చాలి. ఎవరూ రాకపోతే పిందె నిలవదు.

పాపాఘ్ని ఒడ్డున ఉన్న కమలాపురంలోనైనా, అటు ప్రొద్దుటూరు, జమ్మలమడుగు పక్కనైనా పొద్దుతిరుగుడు వేసిన రైతుకు ఈ సంగతి మరింత బాగా తెలుసు. పువ్వు పళ్లెమంత ఉంటుంది. నలిపి చూస్తే సగం తాలు గింజలు. ఈగ వాలని పువ్వులో గింజ సరిగా నిండదు. ప్రపంచంలోని ముఖ్యమైన ఆహార పంటల్లో సుమారు 75 శాతం రకాలు ఎంతో కొంత ఈ చిన్న ప్రాణుల మీదే ఆధారపడి ఉన్నాయని శాస్త్రజ్ఞులు లెక్క తేల్చారు.

అందుకే వాటిని లెక్కపెట్టే పని ఒకటి లోకంలో మొదలైంది. అమెరికాలో 2008లో ఒక విశ్వవిద్యాలయ ఆచార్యురాలు మామూలు కుటుంబాలను కూడగట్టి, ఇంటి ముందు పొద్దుతిరుగుడు నాటించి, దాని మీద వాలే తేనెటీగలను లెక్కపెట్టమన్నారు. బ్రిటన్‌లో 2017 నుంచి గృహిణులు, పిల్లలు, ముసలివారు ఇదే పని చేస్తున్నారు. అర మీటరు పొడవు, అర మీటరు వెడల్పు ఉన్న పూల జాగా ఎదుట పది నిమిషాలు కూర్చుని, పూల మీద వాలిన పురుగులను లెక్కించి రాస్తారు. మన దేశంలో 2020 నుంచి ప్రతి సెప్టెంబరులో సీతాకోకచిలుకలను చూసి నమోదు చేసే కార్యక్రమం జరుగుతోంది. దీనికి జీతం లేదు, డిగ్రీ అక్కరలేదు. ఒక కాగితం, పెన్సిలు, గడియారం, కాస్త ఓర్పు ఉంటే చాలు. మన విచారణలో ఏ ఇంటివారైనా చేయగల పని.

ఇక్కడే ఒక ధర్మసందేహం వస్తుంది. కమలాపురంలో ఒక అమ్మాయి ఇలా కూర్చుందనుకుందాం. పది నిమిషాలు గడిచాయి. గుమ్మడిపువ్వు మీద ఒక్క ఈగ కూడా వాలలేదు. పక్కవీధి స్నేహితురాలు ఏడు అని రాసింది. ఈ అమ్మాయి కాగితం మీద ‘సున్నా’ అని రాయాలి. చేయి రాదు. తాను సరిగా చూడలేదనుకుంటారేమో, పని ఎగ్గొట్టిందనుకుంటారేమో! మూడు అని రాస్తే ఎవరికి నష్టం? ఎవరి సొమ్మూ పోలేదు, ఎవరి మీదా నింద పడలేదు. చూసినవారు లేరు. ఇది పాపమా?

ఒక పిల్ల రాసిన మూడుతో లోకం మునిగిపోదు, నిజమే. లెక్కల్లో పొరపాట్లు ఉంటాయని శాస్త్రజ్ఞులకూ తెలుసు. తెలియక చేసే పొరపాటు ఒకసారి ఎక్కువ వైపు, ఒకసారి తక్కువ వైపు పడుతుంది. వేలమంది లెక్కలు కలిస్తే అది చాలావరకు సర్దుకుంటుంది. సిగ్గుపడి చేసే తప్పు మాత్రం ఎప్పుడూ ఒకే వైపు పడుతుంది. లేనిదాన్ని ఉన్నట్టు చూపిస్తుంది. అలా వేలమంది రాస్తే తేనెటీగలు కరువైన ఊళ్లో కూడా కాగితం మీద తేనెటీగలు ఎగురుతూనే ఉంటాయి.

జర్మనీలో క్రేఫెల్డ్ అనే ఊరి కీటక పరిశీలకుల సంఘం కథ వినండి. వారిలో చాలామంది జీతం లేని ఔత్సాహికులే. 1989 నుంచి 2016 వరకు 63 రక్షిత ప్రాంతాల్లో వలలు కట్టి, చిక్కిన పురుగులను తూచి రాసుకున్నారు. 2017లో ఆ లెక్కలు బయటికి వచ్చాయి. ఆ 27 ఏళ్లలో ఎగిరే పురుగుల మొత్తం బరువు 75 శాతానికి పైగా తగ్గింది. తూకం తగ్గిందని నామోషీపడి వారు ఏటేటా కాస్త కలిపి రాసి ఉంటే ఈ నష్టం ఎవరి కంటా పడేది కాదు.

దావీదు రాజు తన జనాన్ని లెక్కపెట్టించి, ఆ తరువాత పశ్చాత్తాపపడ్డాడని పూర్వవేదం చెబుతుంది. తన బలం ఎంతో చూసుకునే లెక్క అది. క్రీస్తుప్రభువు చెప్పిన కాపరి కూడా లెక్కపెట్టాడు. నూరింటిలో ఒకటి తగ్గిందని అతనికి ఎలా తెలిసింది? సాయంత్రం దొడ్డి దగ్గర నిలబడి ఒక్కొక్కదాన్ని చూశాడు కాబట్టి. ‘నూరూ ఉన్నాయిలే’ అని పడుకుని ఉంటే తప్పిపోయిన గొర్రె కోసం కొండెక్కేవాడే కాదు. తొంభై తొమ్మిది అని ఒప్పుకున్న తరువాతే వెదకడం మొదలైంది. అబద్ధ సాక్ష్యం కూడదన్న ఎనిమిదవ ఆజ్ఞ కోర్టు బోనులో నిలబడినవారికే అనుకుంటాం. నోరులేని ప్రాణి తరపున పెన్సిలు పట్టుకున్న చేతికీ అది వర్తిస్తుంది.

లెక్క రాసినంత మాత్రాన పని అయిపోదు. సున్నా చూసినవాడు కారణం వెదకాలి. పైరు పూతమీద ఉన్నప్పుడు పొద్దున్నే పురుగుమందు కొట్టామా? కొట్టక తప్పకపోతే ఈగలు గూటికి చేరిన సాయంత్రం కొట్టవచ్చు కదా? గట్టున పూచే మొక్కలన్నీ పీకేశామా? పెరట్లో తులసి పూతకు వచ్చినప్పుడు దాన్ని కొన్నాళ్లు ఉంచవచ్చు కదా? నిజమైన సున్నా ఇలాంటి ప్రశ్నలు అడుగుతుంది. అబద్ధపు మూడు మనల్ని నిద్రపుచ్చుతుంది.

తల్లిదండ్రులకు ఒక మాట. పిల్లలకు సున్నా అంటే భయం నేర్పుతున్నది మనమే. మార్కులు తగ్గితే కాగితం దాచే పిల్లవాడు ఆ దాచడం ఎక్కడ నేర్చుకున్నాడు? హాజరు పట్టీలో లేనివారిని ఉన్నట్టు రాసే పెద్దలను, సంఘం లెక్కల్లో సరిపోని పద్దును ‘సర్దేసే’ పెద్దలను వాడు రోజూ చూస్తున్నాడు. రాత్రి కుటుంబ ప్రార్థనలో ఆత్మశోధన చేసుకునేటప్పుడు ఈ చిన్న లెక్కలను కూడా తలచుకుందాం.

వచ్చే ఆదివారం పూజకు బయలుదేరే ముందు మీ పిల్లలను పెరట్లో పది నిమిషాలు కూర్చోబెట్టండి. వాళ్లు పరుగున వచ్చి ‘ఏమీ రాలేదమ్మా’ అంటే ‘సరిగా చూశావా?’ అని గద్దించకండి. ‘ఉన్నది ఉన్నట్టు చెప్పావు’ అని తల నిమరండి. ఆ తరువాత ఇద్దరూ కలిసి, ఎందుకు రాలేదో చూడండి.