ఇసుక దారిని బోవు మేనల్లునికి



సోమవారమునాడు గణతంత్ర దినము వచ్చుటచే మూడు దినములు సెలవు కలిసివచ్చినదనియు, నీవును నీ స్నేహితులిద్దరును జైసల్మేరు చేరి, అచట మోటారుసైకిళ్లు అద్దెకు దీసికొని, రామగఢ్ మీదుగా తనోట్, లోంగేవాలాలు చూచి, మరలి సమ్ ఇసుకతిన్నెలును ఖూడీ గ్రామమును చుట్టి, సోమవారము రాత్రికే తిరిగి రాదలచితిరనియు మీ అమ్మ చెప్పినది. ఆమె భయపడుచున్నది. నేను సంతోషించుచున్నాను, ఏలయన వయసులో నున్నవాడు దేశము చూడవలసినదే. అయితే పక్షులను చూచు వ్యసనముచే ఆ ప్రాంతమున కొంతకాలము తిరిగినవాడనగుటచే, నీవు బయలుదేరక ముందే నీ చెవిని వేయవలసిన మాటలు కొన్ని కలవు.

ఎడారి యనగానే ఏమియు లేని చోటని మనవారి తలంపు. ఏమియు లేని చోట ఎటు పోయిననేమి, ఎంత వేగముగా పోయిననేమి యని బండి నెక్కినవానికి తోచుట సహజము. ఆ తలంపును నీవు జైసల్మేరులో దిగినప్పుడే విడువవలెను. వానలేని సీమయని మనము చెప్పుకొను అనంతపురమున సాలుకు సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడును. జైసల్మేరున పడునది సుమారు 200 మిల్లీమీటర్లే. అంత స్వల్పమైన వానతో మనుష్యులును, మేకలును, ఒంటెలును తరతరాలుగా బ్రదుకుచున్నారన్నచో, అచట ప్రతి చినుకునకును, ప్రతి గడ్డిదుబ్బునకును ఎవరో ఒకరు కాపున్నారని గ్రహింపుము.

రామగఢ్ ప్రాంతమున బేరీలని పిలువబడు సన్నని బావులు కలవు. వాటిలో ఒకదాని దగ్గరనైనను బండి దిగి కొంతసేపు నిలువుము. ఆ నేల లోతుల నుండు నీరు ఉప్పన. కాని ఇసుక క్రింద కొన్నిచోట్ల జిప్సం పొర యొకటి పరచుకొని యుండుటచే, పడిన వాన ఇసుకలోనికి ఇంకి, ఆ పొరమీద నిలిచి, ఉప్పునీటిలో గలియక తేమగా నిలిచిపోవును. ఆ తేమను ఊటగా మార్చుకొనుటకై త్రవ్విన గుంటయే బేరీ. ఒక్క మనిషి మాత్రమే గొంతుకూర్చుండుటకు చాలినంత వెడల్పులో త్రవ్వుచు దిగుదురు. పైనుండి రాయి పడినను తల పగులకుండ లోహపు పాత్రను బోర్లించుకొందురు. లోతు పెరిగినకొలది ఊపిరాడదు గనుక, పైనున్నవారు గుప్పెడు గుప్పెడుగా ఇసుకను లోనికి విసరుదురు, ఆ విసురుతో మంచిగాలి అడుగునకు చేరును. ఇంత శ్రమించినందుకు ఒక దినమున ఊరునది కొన్ని కుండల నీరు మాత్రమే. కావుననే బేరీ నోటిని మూతతో మూసి యుంచుదురు. త్రాగు నీరు నీ వెంటనే తీసికొని పొమ్ము. ఎవరైన ఆదరముతో చెంబెడు నీళ్లిచ్చినచో కాదనక కూర్చుండి త్రాగుము, సగము పారబోయకుము, ఆ నీటితో చేతులు కడుగకుము. నీళ్లు తోడు స్త్రీలను అడుగకుండ ఫోటో తీయుట నాకు సమ్మతము కాదు.

దారిప్రక్కన సన్నని ఆకులతో, ముండ్లతో నీకు కనిపించు ఖేజ్డీ మన జమ్మిచెట్టే. దసరానాడు దాని యాకును బంగారమని పెద్దల చేతిలో బెట్టి కాళ్లకు మ్రొక్కుదువు గదా! తెలంగాణమునకును, రాజస్థానమునకును అదియే రాష్ట్రవృక్షము. దాని యాకు మేకలకు మేత. దాని కాయ సాంగ్రీ యను పేర ఇంటింటి కూర. దాని నీడలో సజ్జ పండును. 1730లో జోధపురపు మహారాజు అభయసింగు ప్రాసాదమునకై సున్నము కాల్చుటకు కట్టెలు కావలసి, భటులు ఖేజడ్లీ గ్రామమునకు గొడ్డళ్లతో రాగా, అమృతాదేవి యను బిష్ణోయి స్త్రీ చెట్టును కౌగిలించుకొని తల నిచ్చెను. ఆమె కుమార్తెలును, చుట్టుప్రక్కల ఊళ్ల జనమును ఆమె దారినే నడువగా, ఆనాడు మొత్తము 363 మంది ప్రాణములు విడిచిరి. ఆ నేలమీద చలిమంట కోసము, ఎండుకొమ్మయే గదా యని, చేయి చాపకుము.

ఇక బండి విషయము. ఇసుకలో బండిని ఎగిరించుచు, చక్రముల వెనుక ధూళిమేఘము లేపుచు తీసిన చిత్రములు నీవును చూచియుందువు, నీకును అట్లు చేయవలెనని యుండును. చేయకుము. సేవణ్ అను గడ్డి తన వేళ్లతో ఆ ఇసుకను పట్టి యుంచును. దానిని నలిపివేసిన చోట గాలికి నేలయే లేచిపోవును. నందికొట్కూరున ఉపాధ్యాయుడనై యున్న దినములలో రోళ్లపాడు బీళ్లలో, ఇట్టి గడ్డినేలలనే నమ్ముకొని బ్రదుకు బట్టమేక పిట్టను నేను చూచితిని. తెల్లని మెడ, నల్లని తలకట్టు, గడ్డిలో తొందరలేని ఆ నడక నేటికిని నాకు కన్నులకు కట్టినట్లున్నవి. 1988లో దానికై అచట అభయారణ్యము ఏర్పడినను, పిట్ట మాత్రము మన కంటికి కరవైనది. మిగిలినవి చాలవరకు నీవు పోవు జైసల్మేరు సీమలోనే యున్నవి. అది నేలమీదనే, సాధారణముగా ఒకే ఒక గ్రుడ్డు పెట్టును. జనవరిలో నీకు గ్రుడ్లు కానరాకపోవచ్చును. అయినను వేసవిలో అది వెదకుకొను గడ్డిని శీతకాలమున త్రొక్కివేసినవాడు గ్రుడ్డును త్రొక్కినవానితో సమానుడే. కావున తారురోడ్డును, ఊరివారు నడచు బాటను విడిచి చక్రము దింపకుము.

రోడ్డుమీదను గాలి ఇసుకను కుప్పవోయును, మలుపులలో మరింత. అట్టి చోట దూరముననే వేగము తగ్గించుకొని, ఇసుకలో ముందు బ్రేకు పట్టక, చూపు దూరమున నిలిపి, నిలుకడగా సాగిపొమ్ము. సైడుస్టాండు క్రింద పలకరాయి యొకటి పెట్టనిదే బండి నిలువదు. చైనుకు నూనె అతిగా పూయకుము. ఇసుక అంటుకొని పండ్లచక్రములను అరుగదీయును. తనోటు జైసల్మేరునకు సుమారు 120 కిలోమీటర్లు. రామగఢ్‌లోనే ట్యాంకు నింపుకొనవలెను. ఉదయమున పొగమంచు, ఎముకలు కొరుకు చలి. బారెడు పొద్దెక్కిన తరువాతనే బయలుదేరుము. చీకటిపడిన పిదప ఒక్క కిలోమీటరైనను నడుపకుము, ఏలయన దీపము వెలుగు పడునప్పటికే ఒంటె నీ ముందు నిలిచి యుండును.

లోంగేవాలాలో 1971 డిసెంబరున సుమారు 120 మంది మన సైనికులు రాత్రియంతయు శత్రువుల టాంకుల నెదిరించి నిలిచిరి, తెల్లవారగనే మన విమానములు వచ్చి ఆదుకొన్నవి. అచట కేకలు వేయుచు ఫోటోలు తీసికొనువారిలో నీవు చేరకుము.

నీ పథకములో నాకు నచ్చనిది ఒక్కటే, అది ఖూడీ. సెలవు మూడు దినములని నేల కుంచించుకొనిపోదు. అయిదు చోట్లను తరుముకొనుచు చూచుటకంటె, ఆ గ్రామమును ఈసారికి విడిచి, ఆ పూట రామగఢ్ దరిని బేరీ దగ్గర గడుపుట మేలు. ఎవరైన పెద్దాయన చుట్ట కాల్చుకొనుచు కూర్చుండినచో ఆయన మాట వినుము. సరిహద్దు దగ్గరపడినకొలది ఫోను పలుకునని నమ్మరాదు. రామగఢ్‌లో పెట్రోలు పోయించుకొనునప్పుడే మీ అమ్మతో మాటలాడుము. సోమవారము మధ్యాహ్నమునకే జైసల్మేరు చేరి, ఎయిర్ ఫిల్టరులోని ఇసుక దులిపించి, బండిని దాని యజమానికి అప్పగింపుము.

ఇట్లు,
నీ మామయ్య