పాత బాడీ, కొత్త ఇంజన్: ఇందులో రథం ఏది?



మొన్న ఆదివారం విహారంలో వందన అయిపోయాక మా మేనల్లుడు ఫోన్ తెచ్చి నా చేతిలో పెట్టాడు. వాడు కార్ల షెడ్డులో డెంటింగ్ పని చేస్తాడు. సొట్టపడిన డోర్లు, బానెట్లు సుత్తితో కొట్టి సాపు చేయడం వాడి పని. ఫోన్లో ఒక తెల్ల కారు బొమ్మ ఉంది. నేలకి అతుక్కున్నట్టు పొట్టిగా ఉంది. తలుపులు పక్కకి కాకుండా పైకి లేచి ఉన్నాయి.

"మామా, ఇది పాత కారుకి కొత్త ఇంజన్ వేసిందా, కొత్త కారుకి పాత బాడీ తొడిగిందా?" అన్నాడు.

నేను బీఏ చదివినోణ్ణి, కార్ల సంగతి నాకేం తెలుసు? కానీ ఆ ప్రశ్న ఎక్కడో విన్నట్టే అనిపించింది. ఇంటికొచ్చాక గుర్తొచ్చింది. నాగసేన భంతే మిళింద రాజుని అడిగిన ప్రశ్న కూడా ఇలాంటిదే.

మిళిందుడంటే క్రీ.పూ. 2వ శతాబ్దంలో మన వాయవ్య ప్రాంతాన్ని ఏలిన గ్రీకు రాజు మినాండర్. నాగసేన అన్నది పిలుచుకోడానికి ఒక పేరే గానీ లోపల విడిగా ఆత్మ అంటూ ఏదీ లేదని భంతే చెబితే రాజు ఒప్పుకోలేదు. అప్పుడు భంతే రాజు ఎక్కి వచ్చిన రథం గురించి అడిగాడు. రథం అంటే నొగా? ఇరుసా? చక్రాలా? కాడా? విడివిడిగా ఏదీ రథం కాదు. ఇవన్నీ పక్కన పెడితే మిగిలే రథమూ లేదు. ఇవన్నీ ఒక తీరులో కూడినప్పుడు మనం రథం అని పేరు పెట్టుకున్నాం. రాజు తెలివైనవాడు, ఒప్పుకున్నాడు.

ఇప్పుడు మా వాడు చూపించిన రథం సంగతి చూద్దాం. అది ఇటలీలో లాంబోర్గిని కంపెనీ చేసింది.

ఆ కంపెనీ 1966లో మియూరా అనే కారు తెచ్చింది. దానికి రూపం గీసింది బెర్టోనే సంస్థలో పనిచేసే మార్చెల్లో గాండిని. అప్పటికి ఆయనకి ముప్పై ఏళ్లు కూడా లేవు. మియూరా ఒళ్లంతా వంపులే. ప్రపంచమంతా మెచ్చుకుంది. ఇంకొకరైతే జీవితాంతం ఆ వంపుల్నే గీసుకుంటూ బతికేవాళ్లు. గాండిని అలా చేయలేదు. ఐదేళ్లకే, 1971లో జెనీవా ప్రదర్శనలో ఆయన గీసిన కౌంటాచ్ నమూనా కారు నిలబడింది. దాంట్లో వంపు అన్న మాట లేదు. అన్నీ గీత గీసినట్టు నిటారు పలకలే. కౌంటాచ్ అంటే అక్కడి పియెమోంటే మాండలికంలో ఆశ్చర్యపోయినప్పుడు నోటి నుంచి వచ్చే మాట. మనం "అబ్బో" అన్నట్టు.

ఇక్కడి నుంచే అసలు సంగతి మొదలవుతుంది.

మియూరాకి నలభై ఏళ్లు నిండాయని 2006లో ఆ కంపెనీయే మియూరా పోలికతో ఒక కాన్సెప్ట్ కారు చేసింది. కాన్సెప్ట్ కారు అంటే అమ్మకానికి కాకుండా జనానికి చూపించడానికి చేసే నమూనా. డెట్రాయిట్ ప్రదర్శనలో జనం దాన్ని చూసి మురిసిపోయారు. అయితే కంపెనీ అధిపతి స్టెఫాన్ వింకెల్‌మాన్ దాన్ని తయారీకి పంపలేదు. మన పని రేపటిని చూడడం, పాత రూపాల్ని మళ్లీ చేయడం కాదు అన్న అర్థంలో చెప్పి ఊరుకున్నాడు.

పదిహేనేళ్లు గడిచాయి. 2021లో కౌంటాచ్‌కి యాభై ఏళ్లు నిండాయి. అదే కంపెనీ, అదే అధిపతి. ఈసారి కొత్త కౌంటాచ్‌ని అమ్మకానికే పెట్టారు. మొత్తం 112 కార్లు, అంతకుమించి చేయబోమన్నారు. మా వాడి ఫోన్లో ఉన్నది అదే. పాత అమ్మకపు కారుకి ఉక్కు గొట్టాల చట్రం మీద అల్యూమినియం రేకులు ఉండేవి. కొత్తదానికి కార్బన్ ఫైబర్ ఒళ్లు, పన్నెండు సిలిండర్ల ఇంజన్‌కి తోడు ఒక చిన్న ఎలక్ట్రిక్ మోటారు. రెంటికీ కలిసేది పోలిక, పేరు. అదే మాట, అదే మనిషి, మారిన కాలం. అనిచ్చ అంటే ఇదే, దీనికి వేరే పాఠం అక్కర్లేదు.

అదే ఏడాది ఇంకొకటి కూడా జరిగింది. 1971 నాటి మొదటి నమూనా కారుని 1974లో గుద్దుడు పరీక్షకి వాడి తుక్కు చేశారు. ఒక సంపన్నుడు అడిగాడని ఆ తుక్కైపోయిన కారుని కంపెనీ పాత ఫోటోలు, కాగితాలు వెతికి మళ్లీ తయారుచేసింది. రేకుల్ని పాత పద్ధతిలో చేత్తో కొట్టి మలిచారు. మొత్తం 25,000 గంటలకు పైగా పని పట్టిందట. ఈ ముక్క చెబితే మా వాడి కళ్లు మెరిశాయి. ఆ పని విలువ వాడికి తెలుసు. ఆ రేకులు కొట్టినోళ్ల పేర్లు మాత్రం గాండిని పేరులా ఎవరి నోటా వినపడవు.

మరి పసుపు రంగుతో తిరిగి లేచిన ఆ కారు 1971 నాటి కారేనా? ఒక్క పాత రేకు కూడా లేదు కాబట్టి అదే అనలేం. ఆ కొలతలు, ఆ రూపం అన్నీ దాని నుంచే వచ్చాయి కాబట్టి సంబంధం లేదనీ అనలేం. రాత్రి మొదటి జాములో వెలిగిన దీపం, తెల్లవారుజామున వెలిగే దీపం ఒకటేనా అని అడిగితే నాగసేన భంతే చెప్పింది ఇదే. మంట అదే కాదు, పూర్తిగా వేరూ కాదు. ఒకదాని నుంచి ఇంకొకటి అంటుకుంటూ వచ్చింది. ఆత్మ ఒక ఒంట్లోంచి ఇంకో ఒంట్లోకి దూకదని బాబాసాహెబ్ మనకు స్పష్టంగా చెప్పారు. కారుకైనా అంతే. పాత కౌంటాచ్ 'ఆత్మ' కొత్త బాడీలోకి వచ్చి కూర్చోలేదు. ఆ మాట అమ్ముకునేవాళ్లు చెబుతారు.

కాబట్టి అదా కాదా అన్నది పెద్ద ప్రశ్న కాదు. పాతదాని నుంచి మనం ఏం అందుకుంటున్నాం, ఏం పట్టుకు వేలాడుతున్నాం అన్నదే అసలు ప్రశ్న.

ఇక్కడ గాండిని మాట వినాలి. కొత్త కౌంటాచ్ వచ్చాక, అప్పటికి ఎనభై దాటిన ఆ పెద్దాయన బహిరంగంగా ఒక ప్రకటన ఇచ్చాడు. ఆ కారుతో తనకు సంబంధం లేదన్నాడు. తన ఆమోదం ఉందని జనం అనుకోవడం సరికాదన్నాడు. తాను చేసిన ప్రతి కారూ ముందుదానికి భిన్నంగా ఉండాలన్నదే తన సూత్రమనీ, పాతదాన్ని మళ్లీ చేయడం ఆ సూత్రాన్ని కాదనడమేననీ ఆయన భావం. 2024లో ఆయన చనిపోయాడు.

ఆలోచించండి. మియూరాని వదిలేసిన ధైర్యం వల్లే కౌంటాచ్ పుట్టింది. గాండిని తన పాత గీతకే నమ్మకంగా ఉండిపోతే ఈ పండగ చేసుకోడానికి కౌంటాచే ఉండేది కాదు. అలాంటప్పుడు కౌంటాచ్ పోలికని మళ్లీ పోతపోయడం కౌంటాచ్‌కి గౌరవమా? రూపం మిగిలింది, దాన్ని పుట్టించిన గుణం జారిపోయింది. పేరు విషయంలో ఆయన బాధ ఇంకా లోతైనది. ఒకరి పేరు మీద, వాళ్లు చేయనిదాన్ని వాళ్లదే అన్నట్టు జనం నమ్మే పరిస్థితి రాకూడదు. మనం పంచశీలలో తీసుకునే నాలుగో శీలం నోటి మాటకే కాదు, వస్తువు మీద రాసే పేరుకి కూడా వర్తిస్తుంది.

అలాగని పాతదాన్ని లేపడమే తప్పు అనను. ఫ్రాన్సులో ఆల్పీన్ ఏ110 అనే చిన్న కారు ఉండేది. 1973లో మొట్టమొదటి ప్రపంచ ర్యాలీ ఛాంపియన్‌షిప్ గెలిచింది. దాని బలం పెద్ద ఇంజన్ కాదు, తక్కువ బరువు. కాన్సెప్ట్ కార్లు రెండు మూడు చూపించాక 2017లో దాన్ని తిరిగి తెచ్చారు. ఇంజన్ చోటు మారింది, ఒళ్లు అల్యూమినియం అయింది. కానీ బరువు టన్ను పైన కొంచెమే ఉండేలా చూశారు. తయారీ కూడా పాత ఊరు డియెప్‌లోనే. అంటే పోలికతో పాటు సూత్రాన్నీ అందుకున్నారు. ఆ ఊరి కార్మికుడి చేతికి పనీ దొరికింది. అది వేరే లెక్క.

ఇంకో వైపు కూడా చూడాలి. ప్రతిసారీ కొత్తదే కావాలన్న యావ కూడా తణ్హే. 112 మందికే దొరుకుతుందంటే కలిగే ఆరాటమూ తణ్హే. ఏరు దాటించిన తెప్పని నెత్తిన మోసుకు తిరగొద్దని బుద్ధుడు చెప్పాడు. తెప్ప పనికిరాదని చెప్పలేదు. ఎందుకు కట్టుకున్నామో గుర్తుంటే అవసరమైనప్పుడు కొత్త తెప్ప కట్టుకోగలం.

ఈ తేడా మనకి పరాయిది కాదు. 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ ధమ్మాన్ని తిరిగి నిలబెట్టినప్పుడు పాతదానికి నకలు తీయలేదు. హేతువుకి నిలిచేదేది, మనిషికి మేలు చేసేదేది అని జల్లెడ పట్టారు. 22 ప్రతిజ్ఞలు తానే రాసి మన చేత పలికించారు. ఆయన మనకి అందించింది సూత్రం. మరి మనం తెల్లబట్టలు, విగ్రహం, కొవ్వొత్తి మాత్రమే పట్టుకుని, ఇంట్లో శీలం, వీధిలో మైత్రి వదిలేస్తే మనదీ పాత బాడీ తొడిగిన బండే అవుతుంది.

మా వాడికి ఇదంతా చెప్పాను. ఓపిగ్గా విన్నాడు. "అయినా కారు బాగుంది మామా" అన్నాడు. బాగుంది, కాదనను. అందం చూసి సంతోషపడటం తప్పు కాదు. ఆ సంతోషంలో ఆ ప్రశ్నని మర్చిపోకపోతే చాలు. ఎక్కడైనా "పాత వైభవం తిరిగొచ్చింది" అని వినిపిస్తే, తిరిగొచ్చింది ఏమిటి, రానిది ఏమిటి, ఎవరి చేతులు పనిచేశాయి, ఎవరి పేరు వాడారు అని అడుగుదాం. వచ్చే ఆదివారం వందన తర్వాత ఈ ప్రశ్న మీదే మాట్లాడుకుందాం. పిల్లల్ని కూడా తీసుకురండి.

నమో బుద్ధాయ. జై భీమ్.