ఆయుధానికి పూచీ

సూరత్ నగరంలోని సలాబత్‌పురా వస్త్రవ్యాపారానికి పెట్టింది పేరు. రింగ్ రోడ్డు వెంబడి వెలసిన బహుళ అంతస్తుల మార్కెట్లలో ఒక్కొక్క దుకాణం పది అడుగుల వెడల్పుకు మించకపోవచ్చు. కాని అక్కడినుండి కదిలే చీరల మూటలు దేశం నలుమూలలకూ చేరుతాయి. ఈ నగరపు మగ్గాలపై పనిచేసే లక్షలాది వలస శ్రామికులలో తెలంగాణ జిల్లాలనుండి తరలివచ్చిన పద్మశాలి కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. వారి పిల్లలకోసం సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో ప్రాథమిక పాఠశాలలను నడుపుతున్నదంటే ఆ సంఖ్యను ఊహించుకోవచ్చు.

ఈ వ్యాపారమంతా నమ్మకంపై నడుస్తుంది. దూరప్రాంతపు వర్తకుడికి సరుకు అరువుపై ఇవ్వాలంటే, మధ్యనున్న ఆడతియా "ఆయన నాకు తెలిసినవారు" అనాలి. వజ్రాలనూ నగదునూ ఊరినుండి ఊరికి చేరవేసే ఆంగడియా వ్యవస్థ కూడా ఈ సూత్రంపైనే నిలిచింది. ఒక మనిషిని గురించి మరొకరు పూచీ పడడం ఇక్కడ పెట్టుబడితో సమానం. పూచీదారుకు కూడా నష్టభయం ఉంటుంది కనుకనే ఆ పూచీకి విలువ. వర్తకుడు బాకీ ఎగవేస్తే మధ్యవర్తి పరువు పోతుంది, తరచుగా సొమ్మూ పోతుంది.

ఇటువంటి చోట నివసించే ఒక వ్యాపారి, రాత్రివేళ నగదుతో ఇల్లు చేరవలసినవాడు, ఒక పిస్తోలు కొనదలచాడనుకుందాం. అతడు ఏ షూటింగ్ క్లబ్బులోనూ సభ్యుడు కాడు. గురిచూసి కాల్చే క్రీడపై అతనికి ఆసక్తీ లేదు, తీరికా లేదు. అతని కోరిక న్యాయమైనదేనా? అతనికి ఎవరు పూచీ పడాలి?

చట్టం ఈ ప్రశ్నను తనదైన పద్ధతిలో ఎదుర్కొన్నది. 1959 నాటి ఆయుధాల చట్టంలోని 13వ సెక్షను ఒక విచిత్రమైన భేదాన్ని పాటించింది. గుర్తింపు పొందిన రైఫిల్ క్లబ్బు సభ్యుడు గురి అభ్యాసానికి పాయింట్ 22 బోరు రైఫిలు అడిగితే లైసెన్సు ఇవ్వవలసిందేనని ఆ సెక్షను చెప్పింది; పిస్తోలు వంటివాటికి మాత్రం "తగిన కారణం" ఉన్నదని అధికారి సంతృప్తి చెందాలన్నది. ఆ చట్టం కింద 2016లో వచ్చిన నియమాలు ఈ కారణాలను మరింత విడమరచాయి. సామాన్య పౌరుడికి అనుమతించదగిన శ్రేణిలోని ఆయుధానికి ప్రధానంగా రెండు ద్వారాలు కనిపిస్తాయి. వృత్తివ్యాపారాల రీత్యానో మరొక విధంగానో ప్రాణాన్ని, ఆస్తిని కాపాడుకోవలసిన నిజమైన అవసరం ఉండడం ఒకటి. కనీసం రెండేళ్లుగా షూటింగ్ క్లబ్బులో క్రియాశీల సభ్యత్వమున్న క్రీడాకారుడు కావడం మరొకటి. ఇక పరిమిత శ్రేణి ఆయుధాల సంగతి వేరు. వాటి లైసెన్సు కేంద్ర హోం మంత్రిత్వ శాఖ చేతిలో ఉంటుంది. ఉగ్రవాదులవల్ల ప్రాణానికి తీవ్రమైన ముప్పు ఉన్నవారు, పదవీరీత్యా అటువంటి ప్రమాదాన్ని ఎదుర్కొనేవారు, వారి కుటుంబసభ్యులు అనే మేరకే వాటికి అర్హత. అక్కడ క్లబ్బు సభ్యత్వం ఒక అర్హతగా కనిపించదు.

అంటే ఒక ద్వారం భయానిది, మరొకటి అభ్యాసానిది. ఆలోచించదగిన విషయం ఇక్కడే ఉన్నది. అభ్యాసద్వారం గుండా వచ్చేవాడు రెండేళ్లపాటు పదిమంది కళ్లముందు ఆయుధాన్ని పట్టుకున్నవాడు. గురి తప్పినప్పుడు అతని ముఖం ఎలా మారుతుందో, ఓడినప్పుడు ఎలా మాట్లాడుతాడో, మరొకరి తుపాకీ తనవైపు తిరిగినప్పుడు ఏమి చేస్తాడో తోటివారు చూసి ఉంటారు. భయద్వారం గుండా వచ్చేవాడికి భద్రతా శిక్షణ ధ్రువపత్రం ఉంటుంది, పోలీసు ఠాణానుండి విచారణ నివేదిక ఉంటుంది. అతని స్వభావాన్ని మాత్రం ఎవరూ ఆయుధంతో కలిపి చూడలేదు. పైగా అతడు ఆయుధాన్ని బయటకు తీసేది మనస్సు నిలకడగా లేని క్షణంలోనే. ఎవరిని తక్కువగా చూశామో వారి చేతిలోనే ఆయుధం ఎక్కువ ప్రమాదకరమైన వేళ ఉపయోగపడవలసి రావడం ఈ ఏర్పాటులోని విడ్డూరం.

తెలుగునాట విజయదశమినాడు జమ్మిని పూజించేవారికి ఈ చిక్కు కొత్తది కాదు. అజ్ఞాతవాసానికి ముందు పాండవులు ఆయుధాలను శ్మశాన సమీపంలోని జమ్మిచెట్టుపై దాచారు. వాటిని తనకో అర్జునునికో తప్ప భీమునికి చూపవద్దని ధర్మరాజు దేవతలను వేడుకున్నట్లు మనవారు చెప్పుకుంటారు. భీముడు పరాయివాడు కాడు, తమ్ముడు. ఆయుధవిద్యలో లోపమున్నవాడూ కాడు. అతనికి ఉన్న కారణం లోకంలో ఎవరికీ లేనంత బలమైనది. సభలో భార్యకు జరిగిన అవమానాన్ని కళ్లారా చూసినవాడు. ధర్మరాజు సందేహించినది ఆ కారణాన్ని కాదు, అతని కోపాన్ని. కారణం ఎంత న్యాయమైనదైతే కోపం అంత త్వరగా లేస్తుందన్న ఎరుక ఆ ప్రార్థనలో ఉన్నది. ఏ దరఖాస్తు ఫారంలోనూ ఈ గడి ఉండదు.

అయితే క్లబ్బు సభ్యత్వమే ఈ ఎరుకకు మార్గమనుకోవడమూ సరికాదు. ఆడతియా పూచీకి, క్లబ్బు పూచీకి పెద్ద తేడా ఉన్నది. సభ్యుడు రేపు ఆ పిస్తోలుతో నేరం చేస్తే క్లబ్బు ఏమి కోల్పోతుంది? కొంత పేరు పోవచ్చు. ప్రాణాలు పోయేవి మాత్రం ఇతరులవి. నష్టభయం లేని పూచీ సాక్ష్యం మాత్రమే అవుతుంది. ఆ సాక్ష్యం కూడా చందా కట్టగలిగినవారికే దొరుకుతుంది. పన్నెండు గంటల షిఫ్టులో మగ్గం నడిపే కార్మికుడికి షూటింగ్ రేంజికి వెళ్లే తీరిక ఏది? తగినంత ఆస్తి లేదన్న ఒక్క కారణంతో ఎవరికీ లైసెన్సు నిరాకరించరాదని 14వ సెక్షను స్పష్టంగా చెప్పింది. కాగితంపై అది ఉదాత్తమైన మాట. కాని "వ్యాపారం రీత్యా అవసరం" అన్న కారణం సహజంగానే ఆస్తి ఉన్నవాడి వైపు మొగ్గుతుంది. దోచుకోవడానికి ఏదో ఉన్నవాడి భయం దస్తావేజులకు ఎక్కుతుంది. జీతంరోజున సందులో నడిచే కార్మికుడి భయం అంతకంటె తక్కువది కాకపోయినా దానికి రసీదు ఉండదు.

భయాన్ని కొలబద్దగా తీసుకుంటే వచ్చే మరొక ఇబ్బందిని సూరత్ చూసింది. 1992 డిసెంబరులో ఆ నగరంలో మతకలహాలు చెలరేగినప్పుడు భయపడని వాడ లేదు. ఇరువైపులా ప్రతి కుటుంబానికీ చెప్పుకోవడానికి కారణం ఉన్నది. ఆ కారణాలన్నింటినీ న్యాయమైనవిగా అంగీకరించి అందరికీ పిస్తోళ్లు పంచి ఉంటే భయం రెట్టింపయ్యేదే తప్ప తరిగేది కాదు. ఒకరి రక్షణసాధనం పక్కింటివారికి ముప్పుగా కనిపించడం ఆయుధం స్వభావంలోనే ఉన్నది. తాళానికీ, కాపలావాడికీ ఈ గుణం ఇంతగా లేదు.

వ్యాపారి పక్షాన చెప్పవలసినదీ లేకపోలేదు. 1878లో లిట్టన్ కాలంలో వచ్చిన ఆయుధాల చట్టం భారతీయులకు లైసెన్సును విధించి యూరోపియన్లను మినహాయించింది. ఒక జాతిని నిరాయుధం చేయడం బ్రిటిష్ పాలనలోని అపచారాలలో అతి నల్లనిదని 1918లో గుజరాత్‌లోని ఖేడా జిల్లాలో సైనికుల సమీకరణకు తిరుగుతూ అన్నవాడు మరెవరో కాదు, గాంధీజీయే. 1931 కరాచీ కాంగ్రెసు తీర్మానం నిబంధనలకు లోబడి ఆయుధాలు ధరించే హక్కును పౌరహక్కుల జాబితాలో చేర్చింది. రాజ్యాంగంలో ఆ హక్కు చోటుచేసుకోలేదు. 19వ అధికరణం శాంతియుతంగా, నిరాయుధంగా సమావేశమయ్యే స్వేచ్ఛను మాత్రమే చెప్పింది. స్వరాజ్యం రాకముందు అడిగిన హక్కును వచ్చిన తరువాత విడిచిపెట్టడం మోసమని కొందరు అనవచ్చు. నిజానికి గాంధీజీ నాటి ఆక్షేపణ ప్రధానంగా అవమానం గురించి. పాలకుడు పాలితుణ్ణి నమ్మకపోవడం, తనవారిని మాత్రం నమ్మడం, అదే అక్కడి గాయం. అందరికీ ఒకే కొలత వర్తించినప్పుడు ఆ గాయానికి చోటుండదు. వర్తిస్తున్నదా అన్నదే నేటికీ అడగవలసిన ప్రశ్న.

ఇతర దేశాలూ ఈ ముడిని తలొక విధంగా విప్పజూశాయి. జర్మనీలో క్రీడకోసం ఆయుధం కోరేవారు కనీసం పన్నెండు నెలలు సంఘంలో క్రమం తప్పకుండా అభ్యాసం చేసి ఉండాలి. కెనడాలో గురి అభ్యాసంతో పాటు చట్టబద్ధమైన సేకరణ కూడా ఒక కారణంగా ఉండేది. క్లబ్బు గడప తొక్కనివాడు సైతం తాను సేకరించే ఆయుధాల చరిత్ర, నిర్మాణం తెలిసినవాడై, తనిఖీకి అంగీకరిస్తే పిస్తోలు పొందే వీలుండేది. 2022 అక్టోబరు 21నుండి అక్కడ వ్యక్తుల మధ్య పిస్తోళ్ల విక్రయాన్ని, బదిలీని దాదాపుగా స్తంభింపజేశారు. 1996లో డన్‌బ్లేన్ పాఠశాలలో జరిగిన ఘోరం తరువాత బ్రిటన్ పిస్తోళ్లను క్లబ్బు సభ్యులకు కూడా నిషేధించింది. ఆ హంతకుడు లైసెన్సు ఉన్నవాడే, క్లబ్బులకు వెళ్లినవాడే. సాక్ష్యం పూచీ కాలేదనడానికి అంతకంటె కఠోరమైన ఉదాహరణ అక్కరలేదు.

సలాబత్‌పురా వ్యాపారికి పిస్తోలు నిరాకరించడం అన్యాయమా అంటే, అతడు నగదు మోసే దారి మార్చుకోగలిగినంతవరకు, తోడు తీసుకుని వెళ్లగలిగినంతవరకు కాదనే చెప్పాలి. ఆ వీలు నిజంగా లేనప్పుడు క్లబ్బు సభ్యుడు కాలేదన్నది అతనికి అడ్డు కారాదు. అతని దుకాణంలో పనిచేసేవారిని, మెట్లకింద టీ అమ్మేవారిని, ఇంట్లో భార్యను విచారించి అతని కోపం సంగతి తెలుసుకోవడం రెండేళ్ల చందా రసీదుకంటె ఎక్కువ చెబుతుంది. సూరత్‌లో ఈ నిర్ణయం పోలీసు కమిషనరుది. నిరాకరిస్తే కారణాలను లిఖితపూర్వకంగా నమోదు చేయాలని, ప్రజాహితానికి భంగం లేనప్పుడు, అడిగిన దరఖాస్తుదారుకు వాటిని సంక్షిప్తంగా తెలపాలని 14వ సెక్షను ఆదేశిస్తుంది. మంజూరు చేసినప్పుడు, ఆ మనిషి ఇంటి గోడకు ఆవల నిద్రించేవారికి కారణం చెప్పాలన్న మాట అందులో లేదు.