అతుకు ఎవరి కోసం?

నా సైకిల్ ఫ్రేమ్ పగిలింది. హ్యాండిల్ కింద, వాలుగా దిగే గొట్టం మొదట్లో వెంట్రుకంత గీత. తుడిస్తే పోతుందనుకున్నాను. వేలితో తడిమితే తుప్పు అంటింది.

ఆదిలాబాద్‌లో ఉద్యోగంలో చేరిన కొత్తలో, జీతంలోంచి కూడబెట్టి కొనుక్కున్న లేడీస్ సైకిల్ అది. కరీంనగర్‌కి బదిలీ అయినప్పుడు బస్సు టాపు మీద నాతోపాటే వచ్చింది. ఈ ముప్పై ఏళ్ళలో టైర్లు, చెయిన్, సీటు, చక్రాలు అన్నీ మారాయి. మారనిది ఫ్రేమ్ ఒక్కటే. అదీ మారిస్తే ఇక నా సైకిలనేది ఏది? మిళింద రాజుకీ నాగసేనుడికీ జరిగిన రథం చర్చ గుర్తొచ్చింది. ఇరుసు రథమా, చక్రం రథమా అని అడిగి, ఏదీ కాదనిపిస్తాడు నాగసేనుడు. కానీ ఆ చర్చ మొదలైంది, మీరు నడిచి వచ్చారా, వాహనం మీద వచ్చారా అన్న ప్రశ్నతో. రాజుకి రథం ఉంది కనుక తర్కం కుదిరింది. మా ఇంట్లో వంట చేసే ఆమె కూతురికి బడి నాలుగు కిలోమీటర్లు. నడిచే వెళ్తుంది. ఈ సైకిల్ ఆ పిల్లకిస్తానని మాటిచ్చాను.

మంకమ్మతోటలో మెకానిక్‌కి చూపించాను. “గ్యాస్ వెల్డింగ్ పెడ్తే నడుస్తది మేడం. ఇనుమే గద, ఇత్తడి పోసి అతుకుత. గని పగులు యాడిదాక పోయిందో ముందుగాల చూడాలె. అల్యూమినియం గేర్ల సైకిలైతే నేను ముట్టుకోను” అన్నాడు. అల్యూమినియం అతుకు దగ్గర వేడికి మెత్తబడి బలం పోగొట్టుకుంటుంది. ఇనుప గొట్టం అట్లా కాదు, అది కరగకుండానే ఇత్తడి కరిగి పట్టుకుంటుంది. మరమ్మతుకి ఒప్పుకునే లోహం. ఒప్పుకుంటుంది కాబట్టి చేసెయ్యాలా?

అసలు అక్కడే ఎందుకు పగిలిందని అడిగాను. మగవాళ్ళ సైకిల్‌కి సీటు నుంచి హ్యాండిల్ దాకా అడ్డకడ్డీ ఉంటుంది. దానితో ఫ్రేమ్ త్రిభుజమై బిగుస్తుంది. చీరకి, లంగాకి అడ్డమని మన సైకిళ్ళలో ఆ కడ్డీని కిందికి దించారు. దాని బరువంతా కింది గొట్టాల మీద పడుతుంది. మన మర్యాద కోసం చేసిన ఏర్పాటులోనే బలహీనత ఉందన్నమాట. 1991-92లో తమిళనాడులోని పుదుక్కోట్టైలో, కలెక్టర్ షీలారాణి చుంకత్ హయాంలో, అక్షరాస్యతా ఉద్యమంతోపాటు వేలమంది స్త్రీలు సైకిల్ నేర్చుకున్నారు. లేడీస్ సైకిళ్ళు చాలక చాలామంది జెంట్స్ సైకిళ్ళే కొన్నారు. కొందరికి అవే నచ్చాయి, ఆ కడ్డీ మీద పిల్లని కూర్చోబెట్టుకోవచ్చని.

మరమ్మతుని తక్కువ చేసి మాట్లాడలేను. మా అమ్మ పాత చీరలతో కుట్టిన బొంతల మీదే పెరిగాను. పారెయ్యడం కలిగినవాళ్ళ అలవాటు. అయితే బొంత చిరిగితే ఎవరూ కింద పడరు.

ఆ పిల్లనే అడిగాను, అతికిస్తే తీసుకుంటావా అని. “అతికినంక మీరు తొక్కుతరా మేడం?” అంది. వెటకారం కాదు, తెలుసుకోవాలని అడిగింది. నేను జవాబు చెప్పలేదు. లారీలు తిరిగే రోడ్డు మీద ఆ సైకిల్ నేను ఎక్కను. ఎక్కని దాన్ని దానం చెయ్యబోయాను.

అప్పుడు గుర్తొచ్చింది, ఈ పని నేను ఇంతకు ముందూ చేశాను. ఆదిలాబాద్‌లో నా దగ్గర చదువుకున్న ఒక అమ్మాయి, పెళ్ళైన ఏడాదికి, వాచిన చేత్తో నా ఇంటికొచ్చింది. “ఇంకొక్కసారి సర్దుకుని చూడు” అన్నాను. 498ఏ 1983లోనే వచ్చింది. నాకు తెలుసు. కలిసి బతికిన ఇంట్లో ఉండే హక్కునిచ్చిన గృహహింస చట్టం మాత్రం 2005లో గాని రాలేదు. వదిలి వచ్చెయ్యి అంటే ఎక్కడికి అన్న ప్రశ్నకి నా దగ్గర చోటు లేదు. అది నిజమే. ఉన్న రెండు గదుల్లో ఒకటి ఇవ్వొచ్చని తోచకపోవడం కూడా అంతే నిజం. పగులు ఎంతదాకా పోయిందో చూడకుండా అతుకు పెట్టమన్నాను. పడితే పడేది నేను కాదు. ఆమె మళ్ళీ రాలేదు.

అతకాలా, మార్చాలా అనేది వస్తువు విలువకో, మన జ్ఞాపకాలకో సంబంధించిన ప్రశ్న అనుకుంటాం. తెగితే పడేదెవరు, ఆ మనిషిని అడిగామా, మార్చుకోవడానికయ్యే ఖర్చులో మన వంతెంత? ఇవి అడగకుండా ఓర్పు గురించి చెప్పే హక్కు మనకి లేదు.

కొత్త ఫ్రేమ్ కొని, పాత చక్రాలు, బెల్లు దానికే బిగించమన్నాను. కడ్డీ ఉన్నదే కావాలంది ఆ పిల్ల. “మొగపిల్లల సైకిలా?” అని వాళ్ళమ్మ గొణిగింది. “గట్టిగుంటదే అమ్మా. తమ్ముణ్ణి గూడ కూసోబెట్టుకోవచ్చు” అంది.

పాత ఫ్రేమ్ మా వరండాలో గోడకి ఆనించి ఉంది. అతికించలేదు.