మద్దెల ఓడు

"ఆడలేక మద్దెల ఓడు" అన్న సామెత పుట్టించిన మహానుభావుడెవరో గాని, ఆయన జన్మలో ఎన్నడూ ఓటి మద్దెల ముందు నిలబడి ఆడి ఉండడని నా అనుమానం. ఆడలేనివాళ్ళు మద్దెలని తిడతారు, నిజమే. కాని మద్దెల నిజంగానే ఓటిదైతే ఆ ఆడేపిల్ల ఏం చెయ్యాలి? నోరెత్తిందంటే ఈ సామెత సిద్ధంగా ఉంటుంది. పనిముట్టు మీద నేరం మోపడం చేతకానితనమని మనకి ఉగ్గుపాలతో నూరిపోశారు. కూర మాడితే మూకుడు పల్చనిదనకూడదు. కుట్టు వంకరపోతే మిషను పాతదనకూడదు. సర్దుకుపోవాలి. చేతికి పనితనం ఉంటే పుల్లతోనైనా ముగ్గు పెట్టొచ్చంటారు.

ఈ ధర్మసందేహానికి నాకు కాస్తో కూస్తో జవాబు దొరికింది గోల్ఫ్ ఆటలో అంటే మీరు నవ్వుతారు. నవ్వండి. దొరలాట, డబ్బున్నవాళ్ళాట, మనకెందుకంటారు. ఆట సంగతి అలా ఉంచండి. నేను చెప్పేది ఆ ఆట కర్రల గురించి.

గోల్ఫ్ బంతిని కొట్టే కర్రని క్లబ్ అంటారు. ఒక్కో ఆటగాడి సంచిలో రకరకాల పొడవుల్లో, రకరకాల వాలుతో ఇవి పద్నాలుగుదాకా ఉంటాయి. బంతిని తాకే భాగం హెడ్, కాడ షాఫ్ట్, చేత్తో పట్టుకునే తొడుగు గ్రిప్. పూర్వం కాడలు హికరీ కొయ్యవి. 1929లో బ్రిటన్‌లో ఉక్కు కాడలకి అనుమతి వచ్చింది. ఆ తరవాత గ్రాఫైట్ వచ్చింది. సరదాకి ఆడే ఏ మనిషిని చూడండి, బంతి పొదల్లోకి పోగానే మొదట చూసేది తన చేతివైపు కాదు, కర్రవైపు. అందుచేత కర్రలమ్మే కొట్లకి ఏనాడూ బేరాలకి లోటుండదు.

అలా కర్రవైపు చూసినవాళ్ళలో కార్‌స్టెన్ సోల్‌హైమ్ ఒకడు. 1911లో నార్వేలో పుట్టాడు. చెప్పులు కుట్టే ఇంటి పిల్లాడు. అమెరికా వెళ్ళి తనూ కొన్నాళ్ళు చెప్పులు బాగుచేశాడు, తరవాత ఇంజనీరయ్యాడు. నలభై దాటాక గోల్ఫ్ పట్టుకున్నాడు. గుంట దగ్గర బంతిని మెల్లిగా నెట్టే కర్రని పుట్టర్ అంటారు. ఈయనకి ఆ పుట్టరే లొంగలేదు. బంతి ఏ కాస్త పక్కగా తగిలినా హెడ్ చేతిలో మెలి తిరిగిపోయేది. మరొకరైతే "నాకు చేతకాదు" అని ఊరుకునేవారు. ఈయన మాత్రం మద్దెల ఓటిదేనన్నాడు! అని ఊరుకున్నాడా, ఇంటి గ్యారేజీలో కూర్చుని 1959లో తనే ఒక పుట్టర్ చేసుకున్నాడు. హెడ్ బరువుని మధ్యన కుప్పపొయ్యకుండా రెండు చివరలకీ జరిపాడు. తాడు మీద నడిచే దొమ్మరిపిల్ల చేతిలో పొడుగాటి గడ ఎందుకుంటుందో, ఇదీ అందుకే. చివర్లలో బరువుంటే తొందరగా మెలి తిరగదు. బంతి తగిలితే "పింగ్" మని మోగేదట. ఆ మోతే కంపెనీ పేరయింది.

1966లో చేసిన మరో పుట్టర్‌కి పేరు పెట్టింది ఆయన భార్య లూయీజ్. "ఆన్సర్" అనమంది, అంటే జవాబని. ఇంగ్లీషు స్పెల్లింగు పొడుగై హెడ్ మీద పట్టకపోతే, "పలకని ఆ డబ్ల్యూ ఎందుకూ, తీసెయ్యండి" అని సలహా కూడా ఆవిడే ఇచ్చింది. ఉన్న చోటులో సామాను సర్దడం మనకి ఒకరు నేర్పాలా!

చెప్పులు కుట్టిన మనిషి గనక, పాదాన్నిబట్టి చెప్పుండాలి గాని చెప్పునిబట్టి పాదం ఉండకూడదని ఆయనకి వేరే చెప్పక్కర్లేకపోయింది. మనిషి ఎత్తూ, నిలబడి చేతులు వదిలేస్తే మణికట్టు నుంచి నేలకున్న దూరమూ కొలిచి, దాన్నిబట్టి కర్ర వంపు నిర్ణయించే పద్ధతి పెట్టాడు. ఒక్కో వంపుకి ఒక్కో రంగు చుక్క. జాకెట్టు కొలతలాంటిదే.

ఇక్కడో తమాషా ఉంది. కాడ ఎంత వంగుతుందో తెలియడానికి దాని మీద ఇంగ్లీషక్షరాలు వేస్తారు. ఎస్ అంటే బిర్రు. ఆర్ అంటే రెగ్యులర్, అంటే మామూలు. ఎల్ అంటే లేడీస్. చూశారా! మామూలు అంటే మగవాళ్ళ మామూలన్నమాట. మనకి విడిగా, చివర్న, ఒక అక్షరం. కాడకి తెలిసేది కర్ర ఎంత వేగంగా తిరుగుతోందన్నదే గాని తిప్పేది చీరా పంట్లామా అని కాదు. చెయ్యి వేగమున్న అమ్మాయికి ఆర్ సరిపోవచ్చు, డెబ్భై దాటిన తాతగారికి ఎల్ హాయిగా ఉండొచ్చు. కాని ఆ అక్షరమున్న కర్ర పట్టుకునే తాతగారిని చూపించండి. పట్టుకున్నా, అక్షరం గీకేసి మరీ పట్టుకుంటారు. తన చేతికి తగిన కర్ర కొనుక్కోవాలంటే ముందు తన చెయ్యి ఎంతటిదో ఒప్పుకోవాలి. అది కర్ర ఖరీదు కన్నా కష్టం. చాలామంది కొనేది తమ కర్ర కాదు, తాము కావాలనుకునే మనిషి కర్ర.

మా మరిది మిలిటరీలో చేసి రిటైరయ్యాడు. సికింద్రాబాదులో తెల్లారగట్ల గోల్ఫ్ ఆడతాడు. కొత్త సెట్టు కొనుక్కున్నప్పుడు పాతదాని కాడలు తలా రెండంగుళాలు కోయించి మా తోటికోడలికి ఇచ్చాడు. మొగుడి పంచె చింపి పెళ్ళానికి లంగా కుట్టించినట్టు! కోసిన కాడ పొట్టిదవుతుంది గాని తేలికవదు, పైగా ఇంకా బిర్రెక్కుతుంది. మూడేళ్ళపాటు ఆవిడ కొట్టిన బంతులన్నీ ఎడమకే పోయాయి. "ఆడలేక మద్దెల ఓడు, వదినా" అని మరిది నా ముందే వేళాకోళం చేశాడు. "నా చెయ్యే తిరగలేదక్కా, కర్రదేం పాపం" అని ఆవిడా అనేది. ఆ మాట ఎంత సులువుగా అన్నదో తలచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది.

అయితే తప్పు చేతిదో కర్రదో తేలేదెలా? దీనికి గోల్ఫ్ కర్రలు బాగుచేసేవాళ్ళ దగ్గర ఒక పరీక్ష ఉంది. నాకు భలే నచ్చింది. కర్ర అడుగున టేపు ముక్క అంటిస్తారు. నేల మీద గట్టి పలక పరిచి, దాని మీంచి బంతిని కొట్టమంటారు. కర్ర పలకని ఎక్కడ రాసుకుందో టేపు మీద గీత పడుతుంది. కర్ర పాదానికీ మడమ ఉంది, వేళ్ళున్నాయి. నలుగురి చూపుడువేళ్ళ కన్నా ఆ గీత నయం, దానికి మొహమాటం లేదు. పది దెబ్బలకి గీతలు చెదురుమదురుగా పడితే చేతికి ఇంకా నిలకడ రాలేదన్నమాట. ఏ కర్రా దాన్ని బాగుచెయ్యలేదు. అలా కాక పదీ ఒకే చోట, ఆ మడమ దగ్గరే పడుతుంటే చెయ్యి తన పని తను చేస్తున్నట్టే, కర్ర వంపు ఆ మనిషికి కుదరలేదని అనుమానించాలి. ఒకే తప్పు చేతికి అలవాటై ఉండొచ్చు కూడా, కాదనను. అందుకే పక్కన తెలిసిన మనిషి నిలబడి చూడాలి.

అప్పణ్ణించి నాకిదో పిచ్చి పట్టింది. పనిమనిషి రోజూ ఒక్క గిన్నెకే మసి వదిలేస్తోందంటే చెయ్యా, గిన్నా? ఇంట్లో ఆడవాళ్ళందరికీ కుడి భుజమే లాగుతోందంటే అందరూ బద్ధకస్తులా, లేక మేస్త్రీ తన ఎత్తుకి కట్టిన వంటగట్టా?

మద్దెలని తప్పుపట్టే హక్కుకి గోల్ఫ్‌వాళ్ళు హద్దులు కూడా పెట్టారు. ఒకప్పుడు కొందరు పాతికకి పైగా కర్రలు మోయించుకునేవారు. 1938లో అమెరికాలో, మరుసటేడు బ్రిటన్‌లో పద్నాలుగు మించకూడదన్నారు. ఈ కాలపు డ్రైవర్ కర్రలకి చిన్న మరతో వాలు మార్చుకునే వీలుంది. ఇంట్లో ఎంతైనా తిప్పుకోండి, ఆట మొదలయ్యాక మాత్రం ముట్టుకోకూడదు. నాకిది న్యాయంగానే తోచింది. పందెం మధ్యలో మద్దెల బిగిస్తూ కూర్చుంటే ఆటెప్పుడు ఆడతారు?

ఇక కోపమొచ్చి విరగ్గొడితే? అమెరికా ఆటగాడు బెన్ క్రెన్‌షాకి చిన్నప్పుడు తండ్రి కొనిచ్చిన పుట్టర్ ఒకటుండేది. "లిటిల్ బెన్" అని పేరు. 1984లో మాస్టర్స్ గెలిచింది దానితోనే. 1987 రైడర్ కప్‌లో ఆరో గుంట దాటాక విసుగుతో దాన్నే విరిచాడు. మిగతా ఆటంతా సంచిలో ఉన్న వేరే కర్రలతో నెట్టుకొచ్చి ఒక్క గుంట తేడాతో ఓడిపోయాడు. 2019లో తిరగరాసిన నిబంధనల ప్రకారం, కోపంతో విరిచినా దాన్ని బాగుచేసుకుని ఆడొచ్చు, కాని దాని బదులు ఇంకోటి తెచ్చుకోవడానికి లేదు.

మా తోటికోడలి కర్రలకి ఆ టేపు పరీక్ష పోయినేడు చేయించారు. పది గీతలూ మడమ దగ్గరే! వంపు రెండు డిగ్రీలు తగ్గించి, తేలిక కాడలు వేయించారు. గ్రిప్పులు మాత్రం ఆవిడే మార్చుకుంది. పాత తొడుగు కత్తితో చీల్చి తీసి, రెండువైపులా అంటుకునే టేపు చుట్టి, పైన ద్రావకం పోసి, ఆరేలోగా కొత్త తొడుగు చరచరా లాగెయ్యాలట. దిండు గలీబు తొడిగే ఒడుపేనని నవ్వింది. ఇప్పుడా సెట్టులో పాతది హెడ్ ఒక్కటే, అదీ వంచిందే. అయినా మా మరిది "నా సెట్టు" అనే అంటాడు.

మొన్న ఫోన్ చేసింది. బాగా ఆడుతున్నావా అనడిగాను.

"ఎక్కడక్కా! ఇప్పుడు గీతలు ఒక్కోటి ఒక్కో చోట పడుతున్నాయి. ఈసారి తప్పు అచ్చంగా నాదే" అంది, ఎంతో సంతోషంగా.