తామరాకు చాలదు

గీత అయిదో అధ్యాయం వచ్చినప్పుడల్లా మా పవర్‌పేట సత్సంగంలో తామరాకు ప్రస్తావన తప్పదు. నీళ్లలో ఉండీ తడవదు, జ్ఞానీ అలాగే ఉండాలంటారు. కొల్లేటి పక్కన పెరిగినవాళ్లం, మాకు తామరాకు కొత్త కాదు. నా పేచీ అల్లా తడవకపోవడాన్నే వైరాగ్యం అనుకోవడంతో. తామరాకు దేన్నుంచి దేన్ని వేరు చేసింది గనక? వివేకమంటే నిత్యానిత్యాలను విడదీసి చూడటం కదా శంకరుల లెక్కలో!

కెమిస్ట్రీ చెప్పుకుని బతికినవాణ్ని, విడదీయడం అనగానే నా బుర్ర బట్టీ వైపు పోతుంది. నీళ్లు కలిసిన ఇథనాల్‌ను ఎన్నిసార్లు కాచి దించినా బరువులో 95.6 శాతం దగ్గర ఆగిపోతుంది. 78.2 డిగ్రీల దగ్గర ద్రవంలో ఉన్న పాళ్లలోనే రెండూ ఆవిరవుతాయి మరి. మిగిలిన ఆ కాస్త నీరు మంటకు లొంగదు. పెట్రోల్లో కలపాలంటే అదీ పోవాలి. తపస్సుకూ ఇలాంటి హద్దు ఉందనిపిస్తుంది నాకు. ఉపవాసాలు పెరిగేకొద్దీ మనిషితో పాటే ‘నేను చేశాను’ అనేదీ పైకి లేస్తుంది.

మంట ఆగిన చోట పొర పనికొస్తుంది. 1980ల మొదట్లో జర్మనీలో జీఎఫ్‌టీ అనే సంస్థ పాలీవినైల్ ఆల్కహాల్ పొరతో ఆ కాస్త నీటినీ విడదీసే పద్ధతిని పరిశ్రమకు తెచ్చింది. హైదరాబాద్‌లో ఐఐసీటీ అనే పరిశోధన సంస్థ వాళ్లు కైటోసాన్ పొరల మీద పనిచేశారు. కైటోసాన్ మనకు పరాయిదేం కాదు, మన చెరువుల రొయ్య పెంకులోంచి తీయొచ్చు. పెంకును పలచటి యాసిడ్‌లో వేస్తే సున్నం పోతుంది, పలచటి కాస్టిక్ సోడాలో మాంసకృత్తులు పోతాయి. మిగిలిన కైటిన్‌ను చిక్కటి కాస్టిక్‌లో ఉడికిస్తే కైటోసాన్. దాన్ని పలచటి ఎసిటిక్ యాసిడ్‌లో కరిగించి గాజు పలక మీద పోసి ఆరబెడితే, లేత పసుపు ఛాయలో పల్చని పొర లేస్తుంది.

అది జల్లెడ కాదు. దానికి నీళ్లంటే ఇష్టం, అంతే. నీరు అందులో కరిగి, మెల్లగా జరిగి, అవతలికి ఆవిరై పోతుంది. ఆల్కహాల్ చాలావరకు ఇవతలే ఉండిపోతుంది. అయితే ఆ ఇష్టం ముదిరితే పొర ఉబ్బి వదులవుతుంది, ఆ సందుల్లోంచి ఆల్కహాలూ జారిపోతుంది. అందుకే గ్లుటరాల్డిహైడ్‌తో దాని గొలుసుల మధ్య ముడులు వేస్తారు. ముడులు మరీ బిగిస్తే నీరూ కదలదు. ఆ పాళం కుదరడానికే పరిశోధకుల పుణ్యకాలం కాస్తా గడిచిపోతుంది.

సంసారికి పనికొచ్చే వైరాగ్యం ఇదే అన్నాను ఒకనాడు సత్సంగంలో. తడవాలి, ఉబ్బకూడదు. కైకలూరు వైపు చేపల చెరువులు చేసే ఆయన వెంటనే అందుకున్నాడు: ‘‘అవును మాస్టారూ, చెరువంటే మమకారం లేకపోతే తెల్లారుజామున గట్టు మీదికి పోయి నీళ్లెవడు చూస్తాడు? అలాగని మార్కెట్లో రేటు పడ్డ రోజున చెరువులో దూకుతామా?’’

మా శాస్త్రిగారు మాత్రం ఊరుకోలేదు. ‘‘పొరకు చైతన్యం లేదు కదండీ. అవతలికి లాగేదెవరు?’’

అసలు సంగతి అక్కడే ఉంది. పొరకు అవతల వాక్యూమ్ పంపు పెడతారు. ఆ పంపు ఆగితే ఎంత మంచి పొరైనా తాగిన నీటిని తనలోనే ఉంచుకుంటుంది. ‘‘ఆ లాగేది ఈశ్వరానుగ్రహం’’ అన్నారు శాస్త్రిగారు. పంపు చేసేది ఖాళీని ఉంచడమే, లాగడం కాదు. ఖాళీ ఉంటే నీరు తనంతట తనే పోతుంది అన్నాను నేను. ఖాళీగా ఉన్నచోటికే అనుగ్రహం వస్తుందని ఆయన, ఖాళీయే అనుగ్రహమని నేను. చెరువులాయన మాకిద్దరికీ టీ చెప్పాడు.